కాన్ఫిగ్ నాలుగు చోట్ల ఉంది, ఐఓఎస్ ఒక్కచోటా లేదు: భీమవరం రొయ్యల ప్లాంటులో ఒక రాత్రి

పోయిన వేసవిలో ఒక శుక్రవారం, రాత్రి తొమ్మిది కావస్తుండగా భీమవరం దగ్గరి ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నుంచి ఫోన్ వచ్చింది.

"ఏవండీ, రూటర్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయండీ. నెట్ మాత్రం ఎక్కడా రావట్లేదండీ" అన్నారు మేనేజరు గారు.

"సిస్ అని రాసున్న లైటు చూడండి. నిలకడగా ఉందా, ఆరి వెలుగుతోందా?"

"ఆరి వెలుగుతోందండీ. పచ్చరంగే."

"ఎంతసేపటి నుంచి?"

"ఆయ్, అరగంట దాటిందండీ."

ఆ మాటతో సగం విషయం తెలిసిపోయింది. అక్కడున్నది సిస్కో 2901 రూటర్. మామూలుగా నడుస్తుంటే ఆ లైటు నిలకడగా వెలగాలి. పచ్చగా ఆరి వెలుగుతోందంటే బూట్ అవుతూనైనా ఉండాలి, రామ్‌మాన్‌లోనైనా ఆగిపోయి ఉండాలి. బూట్ అవడానికి అరగంట పట్టదు. రామ్‌మాన్ అంటే రూటర్ పుట్టుకతోనే చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాము. పవర్ ఆన్ చేయగానే ముందు లేచేది అదే. ఫ్లాష్ కార్డులో ఉన్న ఐఓఎస్‌ని, అంటే అసలు సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ని వెతికి మెమరీలోకి ఎక్కించి పక్కకి తప్పుకుంటుంది. ఐఓఎస్ దొరక్కపోతే తన ప్రాంప్ట్ చూపిస్తూ అక్కడే కూర్చుంటుంది.

నేనుండేది పాలకొల్లులో. బయలుదేరే ముందు పాత హార్డ్ డిస్క్ ఒకటి, లాప్‌టాప్‌ని రూటర్‌కి నేరుగా కలిపి కమాండ్లు కొట్టే నీలం రంగు కన్సోల్ కేబుల్, నోటు పుస్తకం సంచీలో వేసుకున్నాను. ఆ నోటు పుస్తకం సంగతి తర్వాత చెబుతాను. వీరవాసరం మీదుగా ప్లాంటుకి చేరేసరికి పది అయింది.

గేటు దగ్గర ఆరు వ్యాన్లు ఆగి ఉన్నాయి. వేసవి పట్టుబడి కదా, మొగల్తూరు వైపు నుంచీ ఆకివీడు వైపు నుంచీ వనామీ రొయ్య దిగుతోంది. కొనుగోలు కేంద్రాల్లో తూకం, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), రైతు చెరువు వివరాలు ఎక్కిస్తే వీపీఎన్ మీదుగా, అంటే నెట్ మీదే తాళం వేసిన సొంత దారిలో, ప్లాంటు సర్వర్‌కి వస్తాయి. వాటిని బట్టే లాట్ నంబరు పడుతుంది. ఎగుమతి సరుకు ఏ చెరువుదో చెప్పలేకపోతే కంటైనర్ కదలదు. అందుకే ఆ రాత్రి క్రేట్లు దించకుండా, ఐస్ మీద ఐస్ వేసుకుంటూ కూర్చున్నారు. కౌంట్ చూసే ఆడవాళ్ళు షెడ్డు అరుగు మీద ఎదురుచూస్తున్నారు. రూటర్ ఆగితే నెట్ ఆగుతుందని అందరికీ తెలుసు. ఇక్కడ దాంతోపాటు కరిగే ఐస్ ఉంది, మెత్తబడే సరుకు ఉంది.

లోపల ఐటీ చూసే కుర్రాడు ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. డిప్లొమా చదివి రెండేళ్ళుగా ఇక్కడే చేస్తున్నాడు. బుద్ధిమంతుడు.

"బాబాయ్ గారూ, అప్‌గ్రేడ్ చేద్దామనుకున్నానండీ. కాన్ఫిగ్ బ్యాకప్ నాలుగు చోట్ల పెట్టుకున్నానండీ. అయినా ఇలా అయింది."

కాన్ఫిగ్ అంటే రూటర్‌కి మనం ఇచ్చే సెట్టింగుల ఫైలు. జరిగింది పూసగుచ్చినట్టు చెప్పమన్నాను. చెప్పాడు. రూటర్‌లో నడుస్తున్నది ఐఓఎస్ 15.2(4)ఎం. పాతబడింది, భద్రతా లోపాలు ఉన్నాయి, 15.7(3)ఎం ఎక్కిద్దామన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఫ్లాష్ కార్డు 256 ఎంబీ. అందులో రెండు ఇమేజ్ ఫైళ్ళు, అంటే ఐఓఎస్ ఫైళ్ళు, ఉన్నాయి, నడుస్తున్నదొకటి, ఎప్పటిదో ఎవరో వదిలేసినదొకటి. ఒక్కోటీ తొంభై ఎంబీల పైచిలుకు. కొత్తది నూరు దాటుతుంది. చోటు చాలదు. వాడనిదాన్ని ఒక్కదాన్ని తీసేస్తే సరిపోయేది. "పాత చెత్త ఎందుకు, కార్డు శుభ్రంగా ఉంటుంది కదా" అని రెండూ డిలీట్ చేశాడు.

చేశాక కూడా ఏమీ ఆగలేదు. వీపీఎన్‌లు నడుస్తున్నాయి, నెట్ వస్తోంది. మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిలబడి చెబుతాను. ఐఓఎస్ ఫైలు పేరు మధ్యలో ఎంజెడ్ అని రెండక్షరాలు ఉంటాయి. ఎం అంటే ఇది మెమరీలో నడిచేది, జెడ్ అంటే జిప్ చేసి కుదించినది. బూట్ అయినప్పుడు ఫ్లాష్ నుంచి విప్పుకుని మెమరీలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత ఫ్లాష్‌లోని ఫైలుతో దానికి పనిలేదు. ఫైలు చెరిపేసినా రూటర్ రోజులు, నెలలు అలాగే నడుస్తుంది. కరెంటు పోయే క్షణం వరకే. మెమరీలో నడుస్తున్నదాన్ని తిరిగి ఫైలుగా రాసుకునే దారి లేదు. వేరుకి నీళ్ళందక చచ్చిపోయిన కొబ్బరిచెట్టు కొన్నాళ్ళు పచ్చగానే కనిపిస్తుంది చూడండి, అలాంటిది.

కొత్త ఫైలుని లాప్‌టాప్ నుంచి టీఎఫ్‌టీపీ అనే ఫైలు పంపే పద్ధతి ద్వారా కాపీ చేస్తుండగా, సగం దాటాక కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడానికి పదిహేను సెకన్లు పట్టింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంది. రూటర్ ఆగి లేచింది. కార్డులో ఉన్నది సగం ఫైలు. రామ్‌మాన్‌కి అది పనికిరాలేదు.

ముందు అతనికి ధైర్యం చెప్పాను. కాన్ఫిగ్ పోలేదు, అది ఫ్లాష్‌లో ఉండదు. స్టార్టప్ కాన్ఫిగ్ ఎన్‌వీర్యామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని వేరే మెమరీలో, ఉంటుంది, కార్డు మొత్తం తుడిచినా దాని జోలికి ఎవరూ వెళ్ళరు. అతను నాలుగు చోట్ల దాచుకున్నది, ఈ ప్రమాదంలో పోయే అవకాశమే లేని వస్తువు. పోయేదాన్ని మాత్రం ఎక్కడా దాచలేదు. ఇది అతనొక్కడి తప్పని నేననుకోను. బ్యాకప్ అనగానే మన ఇంజనీర్లలో ఎక్కువమందికి కాన్ఫిగే గుర్తొస్తుంది. ఐఓఎస్ ఎప్పుడైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చులే అనుకుంటాం. సపోర్ట్ ఒప్పందం ఉంటేనే ఆ డౌన్‌లోడ్. 2901 అమ్మకం 2017 డిసెంబర్‌లో ఆగింది, సపోర్ట్ 2022 డిసెంబర్ 31తో ముగిసింది. మన గోదావరి జిల్లాల్లో మిల్లుల్లోనూ ప్లాంటుల్లోనూ ఈ పెట్టెలు ఇంకా చాలాచోట్ల నడుస్తున్నాయి. వాటికి ఇప్పుడు ఇమేజ్ దొరికే నికరమైన చోటు వాటి ఫ్లాష్ కార్డే.

అతని లాప్‌టాప్‌లో కొత్త ఇమేజ్ ఉంది. దాన్నే ఎక్కిద్దామన్నాడు. ఎక్కడిదని అడిగితే స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడన్నాడు. సిస్కో డౌన్‌లోడ్ పేజీలో ప్రతి ఫైలు వివరాల్లో ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ512 విలువలు, అంటే ఫైలుకి వేలిముద్రల్లాంటివి, ఉంటాయి. ఫోన్‌లో తెరిచి లాప్‌టాప్‌లోని ఫైలుతో పోల్చాం. కలవలేదు. ఫైలు పాడై ఉండొచ్చు, ఎవరైనా చెయ్యి పెట్టి ఉండొచ్చు. ప్లాంటు మొత్తం ట్రాఫిక్ ఈ పెట్టె లోంచే వెళ్తుంది. కలవని ఫైలుని నేను ఎక్కించను. మేనేజరు గారు గేటు వైపు చూస్తూ "ఈ ఒక్క రాత్రికి కానిచ్చేద్దామండీ" అన్నారు. కుదరదన్నాను.

ఇక నా హార్డ్ డిస్క్. అంతకు ఏడాది క్రితం వీపీఎన్ పని మీద ఇక్కడికి వచ్చినప్పుడు ఈ రూటర్ ఐఓఎస్‌ని కాపీ తీసుకున్నాను. ఏ రూటర్ ముట్టుకున్నా ముందు చేసే పని అది. షో వెర్షన్ కొట్టి ఏ ఫైలు నుంచి బూట్ అయిందో చూస్తాను. షో ఫ్లాష్‌లో దాని సైజు రాసుకుంటాను. వెరిఫై ఎండీ5 కొట్టి వచ్చిన విలువను నోటు పుస్తకంలోకి ఎక్కిస్తాను. ఆ తర్వాత కాపీ ఫ్లాష్ టీఎఫ్‌టీపీ. దిగిన ఫైలుకి లాప్‌టాప్‌లో మళ్ళీ ఎండీ5 తీసి పుస్తకంలోదానితో సరిచూస్తాను. మొత్తం కలిపి అరగంట పని. ఎవరూ అడగరు, దానికి బిల్లు కూడా వేయను. ఆ రాత్రి పుస్తకం తెరిచి, డిస్కులోని ఫైలుని కుర్రాడి చేత సరిచూపించాను. ముప్పై రెండు అక్షరాలూ కలిశాయి.

ఎక్కించే దారులు నాలుగున్నాయి. కన్సోల్ కేబుల్ మీదే ఎక్స్‌మోడెమ్‌తో పంపొచ్చు. 9600 వేగంలో ఇంత ఫైలు వెళ్ళాలంటే ఒక రోజు దాటుతుంది. 115200కి పెంచినా రెండు గంటల పైమాటే. అన్ని దారులూ మూసుకుపోతేనే అటు వెళ్ళాలి. రెండోది యూఎస్‌బీ. ఈ రూటర్ రామ్‌మాన్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయగలదు, కానీ అక్కడ ఉన్నది 64 జీబీది, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ అయినది. రూటర్ దాన్ని గుర్తించలేదు. ఫ్యాట్32లో ఉన్న చిన్న డ్రైవ్ సంచీలో ఉండుంటే పని పావుగంటలో అయ్యేది. అప్పటినుంచీ 4 జీబీది ఒకటి కన్సోల్ కేబుల్‌కే కట్టి ఉంచుతున్నాను. మూడోది కార్డుని బయటికి తీసి రీడర్‌లో పెట్టి ఫైలు వేయడం. కాంపాక్ట్ ఫ్లాష్ రీడర్ ఆ రాత్రివేళ ఎవరి దగ్గర ఉంటుంది?

మిగిలింది రామ్‌మాన్‌లోని టీఎఫ్‌టీపీ డౌన్‌లోడ్. ఇందులో ఒక మెలిక ఉంది. ఉత్తగా ఆ కమాండ్ కొడితే, ఫ్లాష్‌లో ఉన్నదంతా పోతుంది, కొనసాగించమంటారా అని అడుగుతుంది. కంగారులో ఉన్నవాడు అవునంటాడు. ఈ రూటర్‌లో స్విచ్ మాడ్యూల్ ఉంది, దాని వీలాన్ (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్కులుగా పంచేది) వివరాల ఫైలు ఫ్లాష్‌లోనే ఉంటుంది. అది స్టార్టప్ కాన్ఫిగ్‌లో రాదు. దాని కాపీ ఎవరి దగ్గరా లేదు, నా దగ్గర కూడా లేదు. ఐఓఎస్‌ని తీసుకున్నవాణ్ణి ఆ చిన్న ఫైలుని ఎందుకు వదిలేశానో ఇప్పటికీ నాకు బాధే. అందుకని కమాండ్ చివర మైనస్ ఆర్ చేర్చాను. అలా చేరిస్తే ఇమేజ్‌ని మెమరీలోకి మాత్రమే దించుకుని నేరుగా లేపుతుంది, ఫ్లాష్‌ని తాకదు. ముందు మనిషిని లేపి కూర్చోబెట్టాలి, ఇల్లు తర్వాత సర్దుకోవచ్చు.

లాప్‌టాప్‌ని మొదటి గిగాబిట్ పోర్టుకి నేరుగా కేబుల్‌తో కలిపాను. రూటర్ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, సర్వర్ అడ్రస్, ఫైలు పేరు, ఈ అయిదూ రామ్‌మాన్‌లో సెట్ చేయాలి. వాటి పేర్లు పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో కొట్టాలి. ఒక్కటి చిన్నక్షరం పడినా వినదు. లాప్‌టాప్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 69 పోర్టు తెరిచాను. మొదలైంది. ఆశ్చర్యార్థకాలు వరసగా పడుతున్నాయి. కుర్రాడి ముఖంలో రంగు వచ్చింది.

మూడో వంతు దగ్గర ఆగిపోయింది.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది. కేబుల్ తప్పయితే ఒక్కోసారి ఒక్కోచోట ఆగాలి. రెండుసార్లూ ఒకేచోట ఆగిందంటే కారణం లెక్కలో ఉంది. టీఎఫ్‌టీపీ 1992 నాటి ఆర్ఎఫ్‌సీ 1350 ప్రకారం నడిచే సాదా పద్ధతి. ఫైలుని 512 బైట్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ నంబరు వేసి పంపుతుంది. అందిందన్న జవాబు వచ్చాకే రెండోది పంపుతుంది. ఆ నంబరుకి కేటాయించినది 16 బిట్లు, అంటే 65,535 దాటి లెక్కపెట్టలేదు. 65,535ని 512తో గుణిస్తే 32 ఎంబీ. అక్కడ నంబరు చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి రావాలి. కొత్త సర్వర్ ప్రోగ్రాములు అలా తిప్పుతాయి. నా లాప్‌టాప్‌లో ఉన్నది చిన్న ఇమేజ్‌ల కాలం నాటిది, దానికి ఆ విద్య రాదు. ఏడాది క్రితం ఈ ఫైలుని తీసుకున్నది వేరే లాప్‌టాప్‌తో కాబట్టి అప్పుడు తెలియలేదు.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి టీఎఫ్‌టీపీడీ64 అనే కొత్త సర్వర్ ప్రోగ్రాము దించుకుని మళ్ళీ నడిపించాను. ఈసారి 32 దాటింది, 40 దాటింది. పావుగంటలో పూర్తయింది. ఐఓఎస్ విప్పుకుంటున్నట్టు హాష్ గుర్తులు పడ్డాయి. ఆ తర్వాత ప్లాంటు పేరున్న రూటర్ ప్రాంప్ట్ వచ్చింది. ఎలా బూట్ కావాలో చెప్పే కాన్ఫిగ్ రిజిస్టర్ హెక్సాలో 2102గానే ఉంది, ఎన్‌వీర్యామ్‌లోంచి కాన్ఫిగ్ తానే ఎక్కించుకుంది. లాప్‌టాప్ కేబుల్ తీసి లాన్ కేబుల్ పెట్టాం. రెండు నిమిషాల్లో కొనుగోలు కేంద్రాల టన్నెల్స్, అంటే వీపీఎన్ దారులు, ఒకటొకటిగా లేచాయి. పన్నెండు ఇరవైకి మొదటి వ్యాను తలుపు తెరిచారు.

అప్పటికీ ప్రమాదం అలాగే ఉంది. ఫ్లాష్‌లో ఐఓఎస్ లేదు, ఇంకోసారి కరెంటు పోతే మళ్ళీ మొదటికి వస్తాం. కాసేపు ఊపిరి తీసుకుందామండీ అన్నారు మేనేజరు గారు. నేను లేవలేదు. రూటర్‌కీ లాప్‌టాప్‌కీ కంప్యూటర్ గదిలోని వేరే యూపీఎస్ నుంచి వైరు లాగించాను. రూటర్ పవర్ తీయకుండా మార్చడం కుదరదు కాబట్టి మైనస్ ఆర్‌తో ఇంకోసారి లేపాల్సి వచ్చింది. వ్యాన్ల వాళ్ళకి ముందే చెప్పి, ఆ ఇరవై నిమిషాలూ తూకాలు కాగితం మీద రాయించాం. అప్పుడు ఫ్లాష్‌లోని వీలాన్ ఫైలుని లాప్‌టాప్‌కి తీసుకున్నాను. సగం ఇమేజ్‌ని తీసేసి, అసలుదాన్ని ఫ్లాష్‌లోకి కాపీ చేసి, వెరిఫై ఎండీ5 కొట్టి పుస్తకంతో సరిచూశాం. ఏ ఫైలు నుంచి లేవాలో చెప్పే బూట్ సిస్టమ్ లైనులో ఆ ఫైలు పేరు రాసి సేవ్ చేశాం. ఆఖరి వ్యాను ఖాళీ అయ్యాక రెండు గంటలకు రీలోడ్ ఇచ్చాను. దానంతట అదే లేచింది.

ఆ తర్వాతి వారాల్లో చేసినది

2901 వెనకాల కార్డు స్లాట్లు రెండుంటాయి. రెండోది ఖాళీగా ఉంది. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులు ఇప్పుడు షాపుల్లో దొరకడం కష్టం. ఎవరి దగ్గర ఉంటాయా అని ఆలోచిస్తే పెళ్ళి ఫొటోగ్రాఫర్లు తట్టారు. పాత పెద్ద కెమెరాలన్నీ ఆ కార్డులతోనే నడిచేవి. పాలకొల్లులో ఒక స్టూడియో ఆయన బీరువా వెతికి రెండు కార్డులు, ఒక రీడరు ఇచ్చారు. ఆ రాత్రే ఆయన గుర్తొచ్చి ఉంటే తలుపు తట్టేవాణ్ణి. కెమెరా కార్డులన్నిటినీ రూటర్ ఒప్పుకోదు. ఒకటి అసలు కనిపించలేదు, రెండోది పట్టింది. దాన్ని రూటర్‌లోనే ఫార్మాట్ చేసి, అదే ఇమేజ్ వేసి, బూట్ సిస్టమ్‌లో మొదటి కార్డు తర్వాత రెండో కార్డు రాశాం. మొదటిది విఫలమైతే రెండోదానికి వెళ్తుంది.

సెక్యూర్ బూట్ ఇమేజ్ అన్న కమాండ్ కూడా ఇచ్చాం. నడుస్తున్న ఇమేజ్‌ని అది దాచేస్తుంది. ఫ్లాష్ జాబితాలో కనిపించదు, డిలీట్ కొట్టినా పోదు, తీసేయాలంటే కన్సోల్ దగ్గరికి రావాల్సిందే. ఇది పాత 12.3 కాలం నుంచీ ఉన్నదే. వాడినవాళ్ళని నేను చూసింది తక్కువ.

కాన్ఫిగ్ ఎలాగూ మారుతుంటుంది కాబట్టి ఆర్కైవ్ పెట్టి, సేవ్ కొట్టినప్పుడల్లా ఒక కాపీ సర్వర్‌కి వెళ్ళేలా చేశాం. ఎస్‌సీపీ మీదే, అంటే గుప్తంగా పంపే పద్ధతిలోనే, పంపమన్నాను. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ ఉండదు, దారిలో ఎవరైనా చదవొచ్చు, కాన్ఫిగ్‌లో వీపీఎన్ తాళాలు ఉంటాయి. ఐఓఎస్ ఇమేజ్, వీలాన్ ఫైలు, ఎండీ5 రాసిన కాగితం మాత్రం మూడు చోట్ల పెట్టాం. ప్లాంటు మేడ మీద ఒకటి, యజమాని ఇంట్లో ఒకటి, నా దగ్గర ఒకటి. కింది గదిలో వద్దని పట్టుబట్టాను. యనమదుర్రు కాలువ పొంగితే భీమవరంలో నీళ్ళు ఎంతవరకూ వస్తాయో ఈ ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

నెల తర్వాత ఒక ఆదివారం తిరిగి ఎక్కించడం కుర్రాడి చేతే చేయించాను. మొదటి కార్డు తీసేసి పవర్ ఆన్ చేస్తే రెండో కార్డు నుంచి లేచింది. అది సులువైన పరీక్ష. తర్వాత ఖాళీ 2901 ఒకటి తెచ్చి, అసలుది కాలిపోయిందనుకుని బ్యాకప్‌లతో దీన్ని నిలబెట్టమన్నాను. ఇందులో చాలా బయటపడ్డాయి. కాన్ఫిగ్‌ని రన్నింగ్‌లోకి, అంటే నడుస్తున్నదానిలోకి, కాపీ చేస్తే ఉన్నదానితో కలుస్తుందే గానీ దాన్ని మార్చేయదు. ఇంటర్‌ఫేస్‌లన్నీ షట్‌డౌన్‌లోనే ఉండిపోయాయి, ఎందుకంటే నో షట్‌డౌన్ అన్న లైను కాన్ఫిగ్‌లో రాయబడదు. దూరం నుంచి రూటర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ పనిచేయలేదు, దానికి కావాల్సిన ఆర్ఎస్ఏ తాళం కాన్ఫిగ్‌తో బయటికి రాదు, కొత్త పెట్టెలో మళ్ళీ పుట్టించాలి. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది వీపీఎన్. పాత కాంట్రాక్టర్ ఎవరో ప్రీషేర్డ్ తాళాలను, అంటే రెండు చివర్లా ముందే పెట్టుకునే రహస్య పదాలను, ఏఈఎస్ మాస్టర్ కీతో దాచారు. ఆ మాస్టర్ కీ ఏ బ్యాకప్‌లోనూ రాదు, అది తెలిసినవాడు ఊరు వదిలి వెళ్ళిపోయాడు. నిజంగానే పెట్టె కాలిపోయి ఉంటే, నాలుగు చోట్ల దాచిన కాన్ఫిగ్ ఉన్నా ఒక్క టన్నెల్ కూడా లేచేది కాదు. ఆ వారమే అన్ని కేంద్రాల తాళాలూ మార్చి, కొత్త మాస్టర్ కీని కవర్లో పెట్టి సీలు వేసి యజమాని బీరువాలో ఉంచాం.

మొదటిసారి ఆ పరీక్షకి నాలుగున్నర గంటలు పట్టింది. దారి పొడుగునా కుర్రాడు రాసుకున్నాడు. రెండోసారి ఆ కాగితం చూసుకుంటూ యాభై నిమిషాల్లో ముగించాడు. నేను కుర్చీలో కూర్చుని చూశానంతే.

కేంద్రాల్లోని చిన్న రూటర్ల ఇమేజ్‌లని కూర్చున్నచోటు నుంచే వీపీఎన్ మీదుగా టీఎఫ్‌టీపీతో లాగుదామన్నాడు అతను. లెక్క వేసి చూపించాను. 95 ఎంబీ అంటే 1,94,560 ముక్కలు. ఒక్కోదానికి జవాబు రానూపోనూ 40 మిల్లీ సెకన్లు పట్టినా రెండు గంటల పైన. మధ్యలో ఒకసారి లైన్ తెగితే మొదటి నుంచి. ఎస్‌సీపీ అయితే మేలే, కానీ లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి కేబుల్‌తో తీసుకోవడం అన్నిటికంటే నయం. వెళితే యూపీఎస్ బ్యాటరీ కూడా చూడొచ్చు.

2018 డిసెంబర్ 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పటి కరెంటు కోతలు గుర్తున్నవాళ్ళకి ఆ బ్యాటరీ విలువ తెలుస్తుంది. పోయిన కరెంటు కంటే, వచ్చీ పోయే కరెంటే రూటర్లకి చేటు.

కొత్త రూటర్ కొనమని యజమానికి రాసిచ్చాను. సీజన్ అయ్యాక చూద్దామన్నారు. ఈలోగా మొగల్తూరు, ఆకివీడు వైపు కేంద్రాలన్నిటి ఇమేజ్‌లూ తీసుకోవడం అయింది. చించినాడ వంతెన అవతల రాజోలు వైపు రెండు మిగిలాయి. వచ్చే మంగళవారం వెళ్తున్నాం. చిన్న పెన్‌డ్రైవ్ గుర్తుపెట్టుకోమని ఈసారి నాకు అతనే చెప్పాడు.